కొత్త టీ-55 కిట్ నుంచి 1971 ఛంబ్ ట్యాంకు దాకా: 1/35 స్కేల్‌లో ఎలా కట్టాలి

కొత్త ప్లాస్టిక్ మోడల్ కిట్ చేతికి రాగానే నిప్పర్ (భాగాలు తెంపే చిన్న కటర్) తీసి భాగాలు కోయడం మొదలుపెట్టకండి. మీరు కట్టబోయేది ఏ సైన్యం ట్యాంకు, ఏ యుద్ధంలోది, ఏ నేల మీద తిరిగింది అన్నది ముందు తేల్చుకోవాలి. ఇది తేలకుండా కట్టిన ట్యాంకు ఎంత నున్నగా వచ్చినా పెట్టె మీది బొమ్మకు నకలుగానే మిగిలిపోతుంది. ఇక్కడ మనం 1/35లో, అంటే అసలుకు 35వ వంతు సైజులో కట్టేది 1971 డిసెంబరు భారత్-పాక్ యుద్ధంలో జమ్మూ దగ్గరి ఛంబ్ సెక్టార్‌లో ఉన్న భారత సైన్యపు టీ-55, సోవియట్ నమూనా ట్యాంకు. కిట్ కంపెనీలు ఎక్కువగా సోవియట్, అరబ్ గుర్తులే ఇస్తాయి కాబట్టి మన ట్యాంకుకు కొంత సొంత పని పడుతుంది. ఈ మోడల్‌లో అసలు ఆసక్తి అక్కడే ఉంది.

ఫోటో ముందు, కిట్ తరవాత

ట్యాంకును ఎడమ పక్క నుంచి, కుడి పక్క నుంచి, వెనక నుంచి చూపించే ఫోటోలు కనీసం ఒక్కొక్కటి సంపాదించండి. 1971 నాటి ఫోటోలు ఎక్కువగా నలుపు తెలుపువే. రంగు తెలియకపోయినా ఆకారం తెలుస్తుంది, కట్టడానికి మొదట కావలసింది అదే.

భారత టీ-54, టీ-55లను గుర్తుపట్టే ఆనవాలు ఫిరంగి గొట్టం మీద ఉంటుంది. పాకిస్తాన్ దగ్గరున్న టైప్ 59 చైనా చేసిన టీ-54ఏ నకలు. దూరం నుంచి చూస్తే మన ట్యాంకుకూ దానికీ తేడా తెలియదు. సొంతవాళ్ళ మీదే కాల్పులు జరగకుండా మనవాళ్ళు గొట్టం మధ్యలో ఉత్తుత్తి ఫ్యూమ్ ఎక్స్‌ట్రాక్టర్ ఒకటి తొడిగారు. కాల్చాక మిగిలే పొగను బయటికి లాగే అసలు ఉబ్బు గొట్టం మూతి దగ్గర ఉంటుంది. మధ్యలోది గుర్తు కోసమే. మామూలు టీ-55 కిట్‌లో ఇది రాదు, మీరే చేసుకోవాలి.

టీ-54 కావాలా టీ-55 కావాలా అన్నదీ ఇప్పుడే తేల్చుకోండి. టీ-54 టరెట్ (ఫిరంగి ఉండే, తిరిగే పై భాగం) పైకప్పు మీద కుడి పక్క ముందు భాగంలో గుండ్రటి వెంటిలేటర్ మూత ఉంటుంది. టీ-55కు ఉండదు. నిజాం కాలపు హైదరాబాద్ కంటింజెంట్ అశ్వికదళంలో మూలాలున్న డెక్కన్ హార్స్ రెజిమెంట్ ఛంబ్‌లో టీ-54లతో పోరాడింది. ఆ రెజిమెంట్ ట్యాంకు కట్టాలనుకునే తెలుగువాళ్ళు టీ-54 కిట్టే కొనాలి. మిగతా పనంతా రెండింటికీ ఒకటే.

టామియా టీ-55ఏ కిట్ 2002లో వచ్చింది. పాతదైనా భాగాలు చక్కగా కూర్చుంటాయి, మొదటిసారి కట్టేవాళ్ళకు ఇదే మేలు. మినీఆర్ట్ ఆ తరవాత తెచ్చిన టీ-54, టీ-55 వరుసలో వివరం చాలా ఎక్కువ. ట్రాకు (చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టా) లింకులు విడివిడిగా వస్తాయి, ఫోటో ఎచ్ రేకులు (సన్నటి ఇత్తడి భాగాలు) ఉంటాయి, కొన్నింటిలో లోపలి ఇంజన్, గుళ్ళ అరలు కూడా ఉంటాయి. ఇంటీరియర్ కిట్ మొదటి కిట్‌గా కొనకండి. మూత పెట్టాక కనపడని భాగాల మీదే నెలలు గడిచిపోయి, బయటి పని దగ్గరికి వచ్చేసరికి ఓపిక అయిపోతుంది.

టామియాది టీ-55ఏ. ముందు తరం టీ-55కు హల్ (ట్యాంకు కింది ఒడలు) ముందు పలక మధ్యలో మెషిన్ గన్ కోసం చిన్న రంధ్రం ఉంటుంది, టీ-55ఏలో దాన్ని తీసేశారు. మీ ఫోటోలో ఆ రంధ్రం కనిపిస్తే 0.4 మి.మీ. బిట్‌తో పెట్టుకోండి.

కొనాల్సిన సామాను

హాబీ షాపులో తప్పక కొనాల్సినవి తక్కువే: ఒక పక్క చదునుగా ఉండే మంచి నిప్పర్, టామియా ఎక్స్‌ట్రా థిన్ సిమెంట్, సన్నమొన పట్టకారు, చేత్తో తిప్పి రంధ్రాలు పెట్టే పిన్ వైజ్, 0.3 నుంచి 1 మి.మీ. దాకా బిట్లు, రంగులు. మిగతావి మామూలు దుకాణాల్లోనే దొరుకుతాయి.

మెడికల్ షాపులో 3 నంబరు సర్జికల్ హ్యాండిల్, దానికి సరిపోయే 11 నంబరు బ్లేడ్లు అడగండి. హాబీ కత్తి కన్నా చవక, పదును ఎక్కువ. గాజుగుడ్డ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కూడా అక్కడే తీసుకోండి. హార్డ్‌వేర్ షాపులో వాటర్ పేపర్ 400, 600, 1000, 2000 నంబర్లు ఒక్కో షీటు, ఒక ఎంసీల్ ప్యాకెట్, ఒక లీటరు ఎన్‌సీ థిన్నర్ కొనండి. ఆ థిన్నర్ ఎయిర్‌బ్రష్ (రంగును గాలితో చిమ్మే చిన్న గన్) కడగడానికి మాత్రమే. మోడల్ మీద పడితే పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌ను తినేస్తుంది. రంగులో అస్సలు కలపకండి. స్టేషనరీ షాపులో వృత్తాల స్టెన్సిల్ దొరుకుతుంది, చక్రాల రంగుకు అది కావాలి.

స్ప్రే చేసేటప్పుడు గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు దుమ్మును కొంత ఆపుతాయి కానీ ద్రావకాల ఆవిరిని ఆపవు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కొనండి. ఎయిర్‌బ్రష్ కొనడం ఆలస్యమైనా ఫరవాలేదు, దీన్ని వాయిదా వేయకండి.

పెట్టె తెరిచాక

సూచనల కాగితంలో ఉన్న స్ప్రూ (భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) బొమ్మలతో పోల్చి అన్నీ వచ్చాయో లేదో చూడండి. విరిగిన భాగం ఉంటే కోయకముందే ఫోటో తీసి అమ్మినవాళ్ళకు పంపండి. కోశాక మార్చి ఇవ్వరు.

గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు వేసి, మెత్తటి బ్రష్‌తో స్ప్రూలన్నీ కడగండి. అచ్చు నుంచి ఊడి రావడానికి ఫ్యాక్టరీలో వాడే నూనె ప్లాస్టిక్ మీద మిగిలితే రంగు పొరలుగా లేచిపోతుంది. విడిగా కొనే రెజిన్ (పోత పోసిన మరో రకం ప్లాస్టిక్) భాగాలకు ఈ జిడ్డు మరీ ఎక్కువ. నీడలో ఆరబెట్టండి. మే నెల ఎండలో మేడ మీద గానీ, నిలిపి ఉంచిన కారులో గానీ పెడితే సన్నటి భాగాలు వంకర పోతాయి.

కోయడం, అతికించడం

ప్రతి భాగాన్నీ రెండుసార్లు కోయాలి. మొదటి కోత భాగానికి దూరంగా స్ప్రూ వైపు వేయండి. రెండో కోత దగ్గరగా వేసినా అర మిల్లీమీటరు మొన వదిలేయండి. ఆ మొనను బ్లేడుతో చెక్కి, 600 పేపర్‌తో రుద్దండి. ఒకే కోతతో తెంపితే ఒత్తిడికి ప్లాస్టిక్ లోపలికి తెల్లటి మచ్చ పడుతుంది, ఒక్కోసారి గుంట కూడా లేస్తుంది.

ఎక్స్‌ట్రా థిన్‌ను జిగురులా పూసి అంటించకూడదు. రెండు భాగాలనూ పొడిగా జత చేసి పట్టుకుని, కుంచె మొనను అతుకు దగ్గర ఆనించండి. ద్రవం సందులోకి తనంతట తనే పారుతుంది. రెండు మూడు సెకన్లు ఆగి మెల్లగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నటి గీతలా పైకి వస్తుంది. దాన్ని తుడవకండి. 24 గంటలు ఆరనిచ్చి రుద్దితే అతుకు మాయమవుతుంది. తొందరపడి అదే రోజు రుద్దితే, లోపల ఇంకా మెత్తగా ఉన్న ప్లాస్టిక్ తరవాత కుంచించుకుపోయి రంగు వేశాక మళ్ళీ గీత తేలుతుంది. మీ వేలు అతుకు మీద ఉండగా సిమెంట్ వదిలితే వేలి కిందికి పారి వేలిముద్ర పడిపోతుంది. పట్టుకునే చోటు చూసుకోండి.

ఈ సిమెంట్ పాలిస్టైరీన్‌ను మాత్రమే అతుకుతుంది. రెజిన్, ఇత్తడి రేకు, అల్యూమినియం గొట్టం ఏదైనా సరే సూపర్ గ్లూతోనే అంటించాలి. ఫెవిక్విక్ పనిచేస్తుంది కానీ మరీ పలచన. ప్లాస్టిక్ ముక్క మీద ఒక చుక్క వేసుకుని సూదితో తీసి పెట్టండి. చిన్న గుంటలు పూడ్చడానికి ఆ చుక్కలోనే కాస్త టాల్కం పౌడర్ కలిపితే మంచి పుట్టీ అవుతుంది. అరగంటలోపు రుద్దేయండి, రేపటిదాకా ఉంచితే రాయిలా గట్టిపడి చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ముందు అరిగిపోతుంది.

టరెట్‌కు ఇంకో పని ఉంది. టీ-55 హల్ చదునైన ఉక్కు పలకలతో వెల్డింగ్ చేసినది, టరెట్ మాత్రం పోత పోసినది. రెండింటి ఉపరితలం ఒకేలా ఉండకూడదు. పాత గరుకు బ్రష్‌తో మిస్టర్ సర్ఫేసర్ 500 అనే చిక్కటి పూతను టరెట్ గోడల మీద చుక్కలు చుక్కలుగా అద్దండి. ఆరాక 600 పేపర్‌తో పైపైన రుద్దితే పోత ఉక్కు గరుకుదనం వస్తుంది. పైకప్పు పలకల మీద అద్దకండి. అవి వేరే పలకలను వెల్డ్ చేసినవి, నున్నగానే ఉండాలి.

గొట్టం, మధ్యలో ఉత్తుత్తి ఎక్స్‌ట్రాక్టర్

చూసేవాళ్ళ కళ్ళు మొదట పడేది గొట్టం మీదే, కాబట్టి ఇక్కడ తీరుబడిగా పని చేయండి. గొట్టం రెండు సగాలుగా వస్తే అతికించి ఒక రోజు ఆరనివ్వండి. మొదట బ్లేడును నిలువుగా పట్టుకుని అతుకు వెంట గీకండి. తరవాత 600 పేపర్‌ను సన్నటి పట్టీగా కోసి, గొట్టం చుట్టూ సగం చుట్టి అటూ ఇటూ లాగుతూ, గొట్టాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ ఉండండి. చదునైన చెక్కకు పేపర్ అంటించి రుద్దితే గొట్టానికి పలక పడుతుంది, ఇక గుండ్రం కాదు. లాత్ మీద తీసిన అల్యూమినియం గొట్టం విడిగా అమ్ముతారు. దాన్ని వాడితే ఈ శ్రమంతా తప్పుతుంది.

ఇప్పుడు మధ్యలోని తొడుగు. కొలత ఊహించకండి, ఫోటో నుంచే తీయండి. ట్యాంకు సరిగ్గా పక్కనుంచి కనిపించే ఫోటో కావాలి, ఏటవాలుగా తీసినది పనికిరాదు. అందులో గొట్టం బయటికి కనిపించే పొడవును స్కేలుతో కొలవండి. తొడుగు పొడవు, టరెట్ నుంచి దాని దూరం కూడా కొలవండి. ఉదాహరణకు ఫోటోలో గొట్టం 80 మి.మీ., తొడుగు 8 మి.మీ. వస్తే తొడుగు గొట్టంలో పదో వంతు. మీ మోడల్ గొట్టం కనిపించే పొడవులో పదో వంతు తీసుకుంటే కొలత దొరికినట్టే.

ఆ వెడల్పుకు 0.25 మి.మీ. ప్లాస్టిక్ షీటును పట్టీగా కోసి, వేడినీళ్ళలో ముంచి, పెన్సిల్ చుట్టూ బిగించి చుట్టి, చల్లారాక వదలండి. అప్పుడది వంపు నిలుపుకుంటుంది. గొట్టం చుట్టూ పొర మీద పొర చుడుతూ ప్రతి పొరకూ ఎక్స్‌ట్రా థిన్ పారించండి. గొట్టం అల్యూమినియందైతే మొదటి పొరను సూపర్ గ్లూతో అంటించాలి. లావు ఫోటోకు సరిపోగానే ఆపి, చివరి అంచును పైన కాకుండా గొట్టం కింది వైపుకు వచ్చేలా కోయండి. ఒక రోజు ఆగి రెండు చివరలనూ ఏటవాలుగా రుద్దండి. టరెట్‌కు ఇంకా బిగించకముందే ఇదంతా చేయాలి. బిగించాక పేపర్ చుట్టూ తిరగదు.

చక్రాలు, ట్రాకులు

టీ-55కు పక్కకు ఐదు రోడ్ వీల్స్. మొదటి, రెండో చక్రాల మధ్య ఎడం మిగతావాటి కన్నా ఎక్కువ. నడిపే పళ్ళ చక్రం వెనక ఉంటుంది. పైన ట్రాకును మోసే చిన్న రోలర్లు ఉండవు, ట్రాకు నేరుగా రోడ్ వీల్స్ మీదే వాలుతుంది, చక్రానికీ చక్రానికీ మధ్య కిందికి జారుతుంది. మోడల్‌లో ట్రాకు తీగలా బిగుతుగా కనిపిస్తే ట్యాంకు బరువు పోతుంది.

సస్పెన్షన్ చేతులను అంటించిన వెంటనే చక్రాలు పొడిగా తొడిగి, హల్‌ను చదునైన అద్దం మీద పెట్టి, పైన చిన్న పుస్తకం బరువుంచి ఆరనివ్వండి. పది చక్రాలూ నేలను తాకాలి. ఒక్కటి గాల్లో ఉన్నా తరవాత సర్దడం కుదరదు.

చక్రాలను అంటించకుండానే రంగు వేయండి. అసలు చక్రం వ్యాసం 810 మి.మీ., అంటే 1/35లో సుమారు 23 మి.మీ. మొదట మొత్తం చక్రానికి రబ్బరు నలుపు వేసి, స్టెన్సిల్‌లో రబ్బరు అంచును మాత్రమే కప్పే వృత్తం వెతికి, దాన్ని ఆనించి మధ్యలో ట్యాంకు ఆకుపచ్చ రంగు స్ప్రే చేయండి. రబ్బరుకు కటిక నలుపు వద్దు, టామియా ఎక్స్‌ఎఫ్-85 రబ్బర్ బ్లాక్ సరిపోతుంది.

బెల్టు ట్రాకైతే ఒక్క జాగ్రత్త చాలు: పై వరుసను చక్రాల నెత్తిన సూపర్ గ్లూతో అదిమి పట్టాలి. విడి లింకులకు పద్ధతి వేరు. స్కేలు అంచు వెంట వరుసగా పేర్చి, సిమెంట్ పారించి, 20 నుంచి 30 నిమిషాలు ఆగండి. అప్పటికి లింకులు అంటుకుని ఉంటాయి కానీ ఇంకా వంగుతాయి. ఆ సమయంలోనే చక్రాల చుట్టూ తిప్పి, పై వరుస జారేలా దూది ఉండలు నొక్కి రాత్రంతా ఉంచండి. పళ్ళ చక్రాన్ని, ముందు చక్రాన్ని హల్‌కు అంటించకపోతే ట్రాకు మొత్తం ఒక్క ముక్కగా బయటికి వస్తుంది, రంగు వేయడం సులువు. పది నిమిషాలకే వంచితే లింకులు విడిపోతాయి, రెండు గంటలాగితే విరిగిపోతాయి.

రేకులు, తాళ్ళు, వల

ఫోటో ఎచ్ రేకును మెత్తటి మ్యాట్ మీద కోస్తే అంచు వంగిపోతుంది. పింగాణీ టైల్ ముక్క మీద పెట్టి కోయండి. గుండ్రంగా వంచాల్సిన ఇత్తడిని ముందు గ్యాస్ మంట మీద లేత ఎరుపు వచ్చేదాకా చూపించి చల్లారనిస్తే మెత్తబడుతుంది.

లాగే తాడుకు దారం వాడితే నూగు కనిపిస్తుంది. కరెంటు తీగలోని 0.2 మి.మీ. రాగి పోగులు ఏడు తీసి, ఒక చివర పట్టకారుతో, ఇంకో చివర పిన్ వైజ్‌తో పట్టి మెలితిప్పండి. సుమారు 0.6 మి.మీ. లావు తాడు వస్తుంది, ఈ స్కేలుకు సరిపోతుంది. ట్యాంకు దిగబడితే ట్రాకు కింద వేసే దుంగకు వేప పుల్ల పెట్టండి, 6 మి.మీ. లావు చాలు, బెరడు సన్నగా ఉంటుంది కాబట్టి స్కేలుకు నప్పుతుంది. గాజుగుడ్డ ముక్కను నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో ముంచి టరెట్ మీద పరిస్తే మభ్యపెట్టే వల తయారు.

ప్రైమర్, రంగు

బూడిదరంగు ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) వేయగానే వదిలేసిన అతుకులన్నీ బయటపడతాయి. ప్రైమర్ వేసేది ముఖ్యంగా అందుకే. పూడ్చి, రుద్ది, ఆ చోట మళ్ళీ వేయండి.

అసలు రంగుకు టామియా ఎక్స్‌ఎఫ్-62 ఆలివ్ డ్రాబ్ లేదా ఎక్స్‌ఎఫ్-58 ఆలివ్ గ్రీన్ తీసుకుని, పదింట ఒకటి రెండు వంతులు ఎక్స్‌ఎఫ్-57 బఫ్ (లేత పసుపు గోధుమ) కలపండి. సీసాలోది సీసాలోనట్టే వేస్తే 26 సెంటీమీటర్ల మోడల్ మీద మరీ ముదురుగా కనిపిస్తుంది. ఎక్స్-20ఏ థిన్నర్‌ను రంగుతో సమానంగా కలపండి. 0.3 మి.మీ. నాజిల్, 15 నుంచి 20 పీఎస్‌ఐ గాలి, 5 నుంచి 8 సెంటీమీటర్ల దూరం. తడిగా పారేలా కాకుండా మూడు నాలుగు పలుచటి పొరలు వేయండి. మొదట నీడ పడే చోట్ల ముదురు, తరవాత పలకల నడిమిన ఇంకాస్త బఫ్ కలిపిన లేత రంగు వేస్తే చాలు. అంతకు మించి రంగు మార్పులు చేస్తే ట్యాంకు గళ్ళ దుప్పటిలా అవుతుంది.

మన వాతావరణం గురించి విదేశీ గైడ్లలో ఉండదు. ఎండాకాలంలో యాక్రిలిక్ రంగు సూది మొన మీదే ఎండి, గాలితో పాటు ఇసుకలా పడుతుంది. పొద్దున్నే స్ప్రే చేయండి, రంగు ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ రెండు చుక్కలు కలపండి, నిమిషానికోసారి థిన్నర్‌లో తడిపిన దూదిపుల్లతో మొన తుడవండి. వానాకాలంలో, ముఖ్యంగా విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్ళలో, కంప్రెసర్ గొట్టంలో నీరు చేరి రంగు మధ్యలో చుక్కలు ఊస్తుంది. ఆ నీటిని పట్టే మాయిశ్చర్ ట్రాప్ తప్పనిసరి. అదే తేమలో లాకర్ వార్నిష్ వేస్తే తెల్లటి పొగ పట్టినట్టవుతుంది. వాన వెలిసిన రోజు దాకా ఆగండి.

ఎయిర్‌బ్రష్ లేకపోతే ట్యాంకంతా టామియా యాక్రిలిక్‌తో కుంచె పెట్టకండి, రెండో పొర కింది పొరను లేపేస్తుంది. నీళ్ళతో పలచన చేసిన వల్లెహో మోడల్ కలర్ మూడు పొరలు వేయండి, పొరకూ పొరకూ మధ్య అరగంట ఆగండి.

గుర్తులు

డెకాల్ (నీళ్ళలో నానబెట్టి అంటించే గుర్తు) వేసే చోట ముందు మెరిసే వార్నిష్, టామియా ఎక్స్-22 లాంటిది, వేయాలి. గరుకు రంగు మీద డెకాల్ పెడితే కింద గాలి బుడగలు చిక్కుకుని వెండిలా మెరుస్తాయి. నీళ్ళలో 20 సెకన్లు ముంచి, కాగితం మీదే ఒక నిమిషం ఉంచి, కింద మైక్రో సెట్ (డెకాల్ అతుక్కోవడానికి వాడే ద్రవం) రాసి జార్చండి. స్థానంలో కుదిరాక పైన డెకాల్‌ను మెత్తబరిచే మైక్రో సోల్. అది తగలగానే డెకాల్ ముడతలు పడుతుంది. వేలు పెట్టకండి, ఆరేకొద్దీ తనే సాగి పలకకు అతుక్కుంటుంది. ముట్టుకుంటే చిరుగుతుంది.

భారత సైనిక వాహనాల నంబరులో పైకి చూసే బాణం గుర్తు ఉంటుంది. నంబరును సొంతంగా కల్పించకండి, ఫోటోలో చదవగలిగిందే వేయండి. ఇంట్లో ఉండే ఇంక్‌జెట్ ప్రింటరు తెల్లరంగు వేయలేదు, కాబట్టి తెల్ల అక్షరాలకు రుద్ది అంటించే డ్రై ట్రాన్స్‌ఫర్ షీటు వాడండి. ఫోటోలో నంబరు మట్టితో కప్పి ఉంటే మీరూ కప్పేయొచ్చు.

దుమ్ము, మట్టి

ఛంబ్ జమ్మూ కొండల పాదాల దగ్గర, మునావర్ తావి నది ఒడ్డున ఉంది. డిసెంబరులో అక్కడ వానాకాలపు బురద ఉండదు. నది ఇసుక, గులకరాళ్ళు, ఎండిన సర్కండా గడ్డి, లేత బూడిద గోధుమ రంగు దుమ్ము ఉంటాయి. మన ఎర్రమట్టి రంగు పిగ్మెంట్ (రంగు పొడి) ఇక్కడ వాడకండి.

మొదట మెరిసే వార్నిష్ పొర మీద ముదురు గోధుమ ఎనామెల్ వాష్ (బాగా పలచన చేసిన రంగు)ను సన్న కుంచెతో బోల్టుల చుట్టూ, పలకల సందుల్లో మాత్రమే పారించండి. అరగంట తరవాత వైట్ స్పిరిట్‌లో తడిపి పిండిన కుంచెతో ఎక్కువైనది తుడవండి. మొత్తం ఆరాక మ్యాట్ వార్నిష్. ఆపైన స్పాంజి ముక్కతో హ్యాచ్ అంచులకూ, సిబ్బంది ఎక్కే చోట్లకూ ముదురు గోధుమ రంగు కొద్దిగా అద్దండి. పనిలో ఉన్న ట్యాంకు తుప్పు పట్టిపోయి ఉండదు, పొగగొట్టం దగ్గర తప్ప నారింజ తుప్పు వద్దు. చివర్లో లేత దుమ్ము పిగ్మెంట్‌ను ఫెండర్ల కింద, చక్రాల మీద, హల్ కింది భాగంలో పొడిగా పరిచి, పక్కన కుంచె ఆనించి వైట్ స్పిరిట్ పారించండి. ట్రాకు నేలను తాకే అంచులను మెత్తటి పెన్సిల్ గ్రాఫైట్‌తో రుద్దితే అరిగిన ఉక్కు మెరుపు వస్తుంది.

సిబ్బంది బొమ్మ

కిట్‌తో వచ్చే బొమ్మ సోవియట్ సైనికుడు. భారత సైనికుడు కావాలంటే మార్పులు చేయాలి, లేదా విడిగా రెజిన్ బొమ్మ కొనాలి. 1/35లో మనిషి ఎత్తు సుమారు 49 మి.మీ. ఫిగర్ పెట్టె మీద 54 మి.మీ. అని ఉంటే అది 1/32 స్కేలుకు దగ్గర, టీ-55 హ్యాచ్‌లో నిలబెడితే తల పెద్దదిగా కనిపిస్తుంది. 75 మి.మీ. విడిగా పెట్టుకునే బొమ్మల సైజు.

కొత్తగా వచ్చే బొమ్మల్లో చాలావి 3డీ ప్రింట్ రెజిన్. వాటి ఆసరా పుల్లలను ఊరికే తెంపితే వేళ్ళు విరుగుతాయి. వేడినీళ్ళలో ఒక నిమిషం ముంచి, మెత్తబడ్డాక నిప్పర్‌తో కోయండి. జిగటగా అనిపిస్తే సరిగ్గా గట్టిపడలేదన్నమాట, చేతి తొడుగులు వేసుకుని ఐసోప్రొపైల్‌తో కడిగి, ఆరాక ఎండలో కొన్ని నిమిషాలు పెట్టండి. రెజిన్‌ను ఎప్పుడూ తడిపే రుద్దండి, దాని పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. చేతులను, తలను 0.5 మి.మీ. రాగి తీగ పిన్నుతో బిగిస్తే తరవాత ఊడవు.

భారత ఆర్మర్డ్ కోర్ (ట్యాంకు దళం) నల్ల బెరే (మెత్తటి గుండ్రటి టోపీ) పెట్టుకుంటుంది. సోవియట్ హెల్మెట్‌ను కోసేసి, ఎపాక్సీ పుట్టీతో బెరే చేసి కుడి చెవి వైపు వాల్చండి. సిక్కు సైనికుడైతే పగిడీ చుట్టండి. ఎంసీల్‌ను రెండు భాగాలూ సమానంగా కలిపి, పది నిమిషాలు ఆగి, టాల్కం చల్లిన టైల్ మీద పలుచగా ఒత్తి, మిల్లీమీటరు వెడల్పు పట్టీలుగా కోయండి. నుదుటి మీద ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి ఎక్కేలా రెండు పక్కల నుంచీ చుట్టండి. తడిపిన సూదితో మడతలు లోతు చేయండి. ఎంసీల్ కాస్త గరుకు, అందుకే ముఖానికి వాడకండి. మిల్లిపుట్ అనే నున్నటి పుట్టీ దొరికితే అదే మేలు.

చర్మం రంగులో జాగ్రత్త కావాలి. బజారులోని ఫ్లెష్ సెట్లు యూరోపియన్ ముఖాల కోసం చేసినవి, అవి నేరుగా వేస్తే మన జవాను మనవాడిలా ఉండడు. వల్లెహో ఫ్లాట్ ఎర్త్ రెండు వంతులు, బేసిక్ స్కిన్‌టోన్ ఒక వంతు కలిపి మొత్తం ముఖానికి రెండు పలుచటి పొరలు వేయండి. నీడకు అందులోనే చాక్లెట్ బ్రౌన్ కలిపి కళ్ళ గుంటల్లో, ముక్కు పక్కన, దవడ కింద పెట్టండి. వెలుగుకు మరికొంత స్కిన్‌టోన్ కలిపి నుదురు, ముక్కు కొన, బుగ్గ ఎముక, గడ్డం మీద. అచ్చ తెలుపుతో వెలుగు పెంచితే చర్మం బూడిద పూసినట్టు పాలిపోతుంది. కంటికి తెలుపు బదులు లేత బఫ్ గీత వేసి, మధ్యలో ముదురు గోధుమ చుక్క పై రెప్పకూ కింది రెప్పకూ ఆనేలా పెట్టండి. చుక్క చుట్టూ తెలుపు కనిపిస్తే భయపడినట్టుంటుంది. బెరేకు కటిక నలుపు కాక ముదురు బూడిద వేసి, బ్యాడ్జి చోట వెండిరంగు చుక్క ఒకటి పెట్టండి.

టీ-55లో కమాండరు, గన్నరు ఎడమ వైపు, లోడరు కుడి వైపు. ఒక్క బొమ్మే ఉంటే ఎడమ హ్యాచ్‌లో నిలబెట్టండి.

నేల

చెక్క ఫోటో ఫ్రేమ్‌లో థర్మకోల్ అతికించి, పైన ఫెవికాల్, జల్లించిన సన్న ఇసుక, నీళ్ళు కలిపిన ముద్ద 3 మి.మీ. మందాన పరవండి. తడిగా ఉండగానే ట్యాంకును నొక్కి ట్రాకు అచ్చులు వేసి తీసేయండి. అచ్చు లేకుండా పైన నిలబెట్టిన ట్యాంకు నేల మీద తేలుతున్నట్టు కనిపిస్తుంది. ఫెవికాల్ ఎక్కువైతే ఆరేటప్పుడు పగుళ్ళిస్తుంది, ఇసుక ఎక్కువైతే రాలిపోతుంది. చెంచా ఫెవికాల్‌కు మూడు చెంచాల ఇసుకతో మొదలుపెట్టి చూసుకోండి.

సర్కండా గడ్డి మనిషి ఎత్తును దాటి పెరుగుతుంది, కాబట్టి ఈ స్కేలులో 50 నుంచి 70 మి.మీ. పొడవు కావాలి. కొబ్బరి పీచును దువ్వి, పది పదిహేను పోగుల కట్టలుగా కింద సూపర్ గ్లూ పెట్టి, నేలలో బిట్‌తో రంధ్రాలు చేసి నాటండి. కొనలు ఒకే ఎత్తున కత్తిరించకండి. లేత బఫ్ రంగు పలుచగా స్ప్రే చేస్తే ఎండిన గడ్డి అవుతుంది.

పూర్తయిన మోడల్‌ను అద్దాల పెట్టెలో, ఎండ నేరుగా పడని చోట పెట్టండి. ఎండ తగిలితే రంగులు వెలిసిపోతాయి, బెల్టు ట్రాకులు పెళుసెక్కి తెగుతాయి. వానాకాలంలో పెట్టె మూలన సిలికా జెల్ ప్యాకెట్లు రెండు ఉంచి, నెలకోసారి మార్చండి. మిగిలిన డెకాల్ షీట్లను జిప్ కవర్లో వేసి అదే పెట్టెలో దాచుకోండి.